ఓడ మరమ్మత్తులో ఉంది

కొహాగురా ఆ విన్నపాన్ని తొమ్మిదోసారి తిరగరాస్తున్నాడు. మొదటి ఎనిమిదింటిలో తప్పేమీ లేదు. చక్రవర్తి బిరుదు పైన వదిలిన ఖాళీ చాలలేదని చైనా రేవుపట్నం ఫుజౌ కచేరీలో ఒక గుమాస్తా ఒకటి తిప్పి పంపాడు. కాగితం వన్నె తక్కువని ఇంకొకడు ఇంకొకటి తిప్పి పంపాడు. మరొకడు ఆసాంతం చదివి, నిట్టూర్చి, మడిచి చేతికిచ్చి, రేపు రమ్మన్నాడు. ఆ రేపులన్నీ పోగుపడి ఏడు నెలలయ్యాయి.

విన్నపంలో ఉన్న సంగతి నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. జపాన్ వాళ్ళు సైనికులతో మా షురి కోటలోకి వచ్చారు. మా రాజుగారిని ఓడెక్కించి తమ రాజధానికి తీసుకుపోయారు. ర్యూక్యూ అనే మా దీవుల రాజ్యం ఇక లేదన్నారు. అయిదు వందల ఏళ్ళుగా చైనాకు కప్పం కడుతూ, చైనా చక్రవర్తి పంపిన కిరీటం పెట్టుకునే రాజ్యం కనుక, చక్రవర్తి దయతలచి యుద్ధనౌకలు పంపాలి. ఈ కాగితం పెకింగుకు పోవాలంటే ఫుజౌ కచేరీ ముద్ర పడాలి. ఆ ముద్ర కోసమే ముగ్గురు మనుషులు ఒక చిన్న పడవలో సముద్రం దాటి వచ్చి, ఫుజౌలో మా వాళ్ళకు తరతరాలుగా ఉన్న విడిదిలో దిగారు.

ముగ్గురిలో పెద్దాయన మాఎకావా. డెబ్భై రెండేళ్ళు. కోటలో మంత్రుల సభలో కూర్చున్నవాడు, సిగలో బంగారు సూది పెట్టుకునే హోదా. ఆయన రోజూ పొద్దున్నే కచేరీ గుమ్మం ముందు మోకాళ్ళ మీద కూర్చునేవాడు. మొదట్లో దారినపోయే జనం ఆగి జాలిగా చూసేవారు. తరవాత చూడడం మానేశారు. ఆ తరవాత చేప ఉండలు అమ్ముకునే ఆవిడ, గంప దించుకోవడానికి, కాస్త పక్కకు జరగమని తాతగారిని అడగడం మొదలుపెట్టింది. ఆయన జరిగేవాడు.

మూడోవాడు సన్రా. పడవ అతనిదే. యాభై దాటిన సరంగు, వంటా అతనే. చిలగడదుంపలు ఉడకేస్తూ లోకం మీద విసుర్లు విసురుతుండేవాడు.

"మన గోడు వాళ్ళకి అర్థం కాలేదనుకుంటున్నారా పంతులుగారూ?" అన్నాడు ఒకరోజు కొహాగురాతో. "అర్థమైపోయిందండీ. అందుకే తిప్పుతున్నారు."

కొహాగురా నవ్వలేదు. అతను కుమే ఊరివాడు. చైనా భాష రాయడం, చైనా దొరలతో మాట్లాడడం కుమే వాళ్ళ కులవృత్తి లాంటిది. సరైన మాట సరైన చోట పడితే కదలని కచేరీ ఉండదని అతనికి చిన్నప్పటినుంచీ నూరిపోశారు. ఇంకా సరైన మాట దొరకలేదంతే అనుకుంటూ సిరా నూరుకునేవాడు.

ఎనిమిదో నెలలో సన్రా బజారు నుంచి కబురు తెచ్చాడు. కచేరీలో సముద్ర వ్యవహారాలకు కొత్త అధికారి వచ్చాడు, పేరు వెంగ్. మునుపు కిరీటపు ఓడల్లో మన దేశం చూసొచ్చిన మనిషేనట.

కొహాగురా చేతిలో కుంచె ఆగిపోయింది. ఆ వెంగ్ గారు తనకు తెలుసు. మామూలుగా తెలియడం కాదు, నాలుగు నెలలు ఆయన వెంట నడిచాడు. ఆయన కొహాగురా ఇంట్లో భోంచేశారు. అది విన్న మాఎకావా పెద్దాయన అంత వయసులోనూ లేచి నిలబడ్డాడు. దేవుడు కళ్ళు తెరిచాడన్నాడు. ఎవరికీ ఇవ్వకుండా దాచిన పాత సారా జాడీ ఒకటుంది, ఇరవై ఏళ్ళు మాగింది. రాజుగారు తిరిగొచ్చిన రోజున తాగుదామని తెచ్చారు. దాన్ని వెంగ్ గారికి పట్టుకెళ్ళమని పెద్దాయనే తుడిచి ఇచ్చాడు. ఏడు నెలల తరవాత ఆ విడిదిలో ముగ్గురూ ఆ పూట కడుపునిండా తిన్నారు.

అయితే ఆ పాత పరిచయం ఎలాంటిదో చెప్పకపోతే ముందు కథ తెలియదు.

పధ్నాలుగేళ్ళ కిందట మా రాజుగారికి కిరీటం తెచ్చిన చైనా ఓడలు నాహా రేవుకు వచ్చాయి. ఆ ఓడలొస్తున్నాయంటే మా దీవిలో పండగ కాదు, పెద్ద సర్దుడు. ఎందుకంటే అప్పటికి రెండొందల యాభై ఏళ్ళకు పైగా సత్సుమా నుంచి వచ్చిన జపాన్ దొరలు మా నెత్తిమీద కూర్చుని ఉన్నారు. పన్నులు వాళ్ళకే, ప్రమాణపత్రాలు వాళ్ళకే. కానీ ఆ సంగతి చైనాకు తెలియకూడదు. తెలిస్తే చైనాతో వ్యాపారం పోతుంది, వ్యాపారం పోతే సత్సుమా వాళ్ళకు లాభం పోతుంది, లాభం పోతే మమ్మల్ని రాజ్యంగా ఉంచాల్సిన పని వాళ్ళకు ఉండదు. అంచేత ఇద్దరు పెద్దమనుషుల మధ్య బతకడానికి మా వాళ్ళు కనిపెట్టిన ఉపాయం ఒకటే. ఒకరి ముందు రెండోవాళ్ళు లేనట్టే నటించడం.

ఓడలు కనబడగానే సత్సుమా దొరలు మూటాముల్లే సర్దుకుని లోపలి పల్లెకు పోయి కూర్చునేవారు. వాళ్ళ పడవల్ని ఉత్తరాన మారుమూల రేవులో దాచేవారు. ఇళ్ళలో జపాన్ గిన్నెలు, పుస్తకాలు, పటాలు అటకెక్కేవి. పిల్లలకు జపాన్ పాటలు పాడొద్దని దెబ్బలు కూడా పడేవి. కొహాగురా భార్య కమాదు అప్పటికి కొత్త కోడలు. అత్తగారు మంచి ఇనుప మూకుడును కూడా జపాన్‌దని పెరట్లో పాతిపెడితే, నాలుగు నెలలు మట్టికుండలో కూరలు మాడుతుంటే ఏడ్చింది.

"వాళ్ళు రాజుగారికి కిరీటం పెట్టడానికొచ్చారా, మన వంటింట్లో మూకుడు చూడ్డానికొచ్చారా అండీ?" అని అడిగింది మొగుణ్ణి.

కుమే కుర్రగుమాస్తాలందరికీ ఒక ప్రశ్నోత్తరాల పుస్తకం ఇచ్చి బట్టీ పట్టించారు. ఈ బియ్యం ఎక్కడివి, ఈ కలప ఎవరు తెచ్చారు అని చైనా వాళ్ళు అడిగితే, పక్కనున్న తకరా దీవి వర్తకులు తెస్తారని చెప్పాలి. జపాన్ సంగతి అడిగితే, పేరు వినడమే తప్ప మనుషుల్ని చూసి ఎరగమని చెప్పాలి. అందరికన్నా బాగా ఒప్పజెప్పినవాడు కొహాగురా. అందుకే, చైనా రాయబారి వెంట వచ్చి రోజూ దినచర్య రాసుకునే వెంగ్ గారికి అతన్ని తోడిచ్చారు.

ఒక మధ్యాహ్నం వానొచ్చి ఇద్దరూ రేవు దగ్గర ఒక గోదాములోకి పరుగెత్తారు. లోపల దూలానికి ఒక లాంతరు వేలాడుతోంది. దాని మీద గుండ్రం గీసి మధ్యలో అడ్డంగా, నిలువుగా రెండు గీతలు. సత్సుమా దొరల వంశం గుర్తు. ఎవరో దించడం మరిచిపోయారు. ఈ గుర్తేమిటని వెంగ్ గారు అడిగారు. ఆ ప్రశ్న పుస్తకంలో లేదు.

కొహాగురా ఒక్క క్షణం కూడా తడుముకోలేదు. అది బావి మూత బొమ్మండీ అన్నాడు. తకరా దీవి వాళ్ళు మంచినీళ్ళు దొరికే రేవుల్లో ఇలాంటి లాంతరు కడతారని, దూరం నుంచి వచ్చే పడవలకు గుర్తుగా అని చెప్పాడు. జపాన్ వాళ్ళు ఇటు రారా అని వెంగ్ గారు అడిగితే, పేరు వినడమే తప్ప మనుషుల్ని చూసి ఎరగమన్నాడు. వెంగ్ గారు లాంతరుకేసి కాసేపు చూసి, సంచీలోంచి పుస్తకం తీసి ఆ జవాబు రాసుకున్నారు.

ఓడలు వెళ్ళిపోయాక కోటవాళ్ళు ఆ బావి మూత జవాబును ప్రశ్నోత్తరాల పుస్తకంలో చేర్చారు. కొహాగురాకు హోదా పెంచి వెండి సిగసూది ఇచ్చారు. ఇంట్లోవాళ్ళు పాతిన మూకుడు తవ్వి తీసి పంది మాంసం వండి ఊరందరికీ పెట్టారు. తన జీవితంలో చేసిన గొప్ప పని అదేనని అతను పధ్నాలుగేళ్ళు నిజంగానే నమ్మాడు. మా వాళ్ళు కథ బాగా అల్లారు. అంత బాగా అల్లి ఉండకూడదు.

ఇప్పుడు కచేరీలో వెంగ్ గారు కొహాగురాను చూడగానే గుర్తుపట్టారు. జుట్టు నెరిసిందేగాని మనిషి అలాగే ఉన్నారు. సారా జాడీ రెండు చేతులా అందుకున్నారు, స్వయంగా టీ పోశారు. ఆచారం ప్రకారం, మీ రాజుగారు క్షేమమేనా అని అడిగారు. దాంతో కొహాగురా ఏడు నెలలుగా బిగబట్టుకున్నదంతా కట్టలు తెంచుకుంది. కోట సంగతి, రాజుగారిని తీసుకుపోతుంటే జనం దారి పొడవునా బోర్లాపడి ఏడ్చిన సంగతి, అంతా చెప్పాడు. వెంగ్ గారు కదలకుండా విన్నారు. విన్నపం అందుకుని చదివారు. తరవాత లేచి, బీరువాలోంచి అచ్చువేసిన పుస్తకం ఒకటి తెచ్చి అతని ముందు పెట్టారు. అది ఆయన దినచర్య. ఒక ప్రతి చక్రవర్తి దగ్గరికి కూడా వెళ్ళిందట.

తెరిచిన పేజీలో గోదాము ఉంది, వాన ఉంది, బావి మూత ఉంది. మార్గదర్శి కొహాగురా చెప్పినది అని అతని పేరు కూడా ఉంది.

"నీ విన్నపంలో జపాన్ వాడు ఏ సంబంధమూ లేకుండా హఠాత్తుగా వచ్చి పడ్డాడని రాశావు," అన్నారు వెంగ్ గారు. "వాడి రాయబారి పెకింగులో కాగితాలు పెట్టాడు. మీరు రెండొందల డెబ్భై ఏళ్ళుగా పన్ను కట్టిన పట్టీలు, మీ రాజులు ముద్ర వేసిన ప్రమాణాలు. అవి దొంగవైతే ఆ ముద్రలు మీవెలా అయ్యాయో చెప్పు. నిజమైతే ఇన్నేళ్ళూ చక్రవర్తిని మోసం చేశామని చెప్పు. పైవాళ్ళు నన్ను అడిగేది ఇదే. ఏదో ఒకటి రాసియ్యి, ముద్ర వేస్తాను."

ఆ రెండు ప్రశ్నలూ పుస్తకంలో లేవు.

విడిదికి తిరిగొచ్చి జరిగింది చెబితే మాఎకావా పెద్దాయన మండిపడ్డాడు. చచ్చినా ఒప్పుకోకూడదన్నాడు. ఒప్పుకుంటే తప్పు నీదీ నాదీ కాదు, తరతరాల రాజులదవుతుంది, మోసం చేసిన రాజ్యాన్ని కాపాడమని ఏ మొహంతో అడుగుతామన్నాడు. ఒప్పుకోకపోతే అబద్ధాలకోరులమని ఆ పట్టీలే చెబుతాయి కదండీ అన్నాడు కొహాగురా. ఇద్దరిదీ నిజమే. అందుకే వాదన తెగలేదు. సన్రా మాత్రం సారా జాడీ అనవసరంగా ఇచ్చామన్నాడు.

నాలుగైదు రోజులకు దీవి నుంచి ఇంకో పడవ వచ్చింది. అందులో కమాదు ఉత్తరం ఉంది. కొహాగురా దాన్ని పెరట్లో నిలబడి చదువుకున్నాడు.

అత్తయ్యగారు కులాసా అని రాసింది. మూకుడు ఇప్పుడు బయటే ఉంటోంది, జపాన్ వస్తువులేవీ దాచక్కర్లేదు, మీ చైనా పుస్తకాలే మూటగట్టి అటకెక్కించామని రాసింది. మన అమ్మాయికి బళ్ళో జపాన్ పాటలు నేర్పుతున్నారు, పాడకపోతే దెబ్బలు అని రాసింది. పోలీసులు వచ్చి మీరెక్కడని అడిగితే, చేపలకు పోయి గాలికి కొట్టుకుపోయారని చెప్పాను, అలాగే కదా చెప్పాలి అని అడిగింది. చివర్లో, చోటు చాలక అంచున అడ్డంగా ఇలా ఉంది: "పోలీసులు పట్టుకుపోయిన మీ అన్నగారిని నిన్న వదిలిపెట్టారు. రాజుగారికే కట్టుబడి ఉంటామన్న కాగితం మీద సంతకం పెట్టినందుకు దూలానికి వేలాడదీశారట. కుడిచెయ్యి పైకి లేవడం లేదు. అన్నం నేనే కలిపి పెడుతున్నాను."

అన్న కూడా రాతగాడే. కుమే మొత్తానికి అంత అందమైన రాత ఇంకొకరికి లేదు. కొహాగురా ఉత్తరం మడిచి రొమ్ము దగ్గర పెట్టుకుని, గోడకు తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. ఏడుపు అయ్యాక లోపలికెళ్ళి పెద్దాయన ముందు కూర్చున్నాడు.

"రాజుల పేరు ఎత్తను అయ్యగారూ," అన్నాడు. "ఆ రోజు గోదాములో అబద్ధమాడింది నేను. నా పేరే అచ్చులో ఉంది. నేనే మోసం చేశానని, దేశం మొత్తం భయంతో నోరు మూసుకుందని నా మీదే వేసుకుని రాస్తాను. తల తీస్తే నాదే తీస్తారు. విన్నపం మాత్రం పైకి పోతుంది."

పెద్దాయన సిరా రాయి తన వైపు లాక్కుని, తనే నూరడం మొదలుపెట్టాడు. మంత్రిగా పనిచేసిన మనిషి ఇంకొకరికి సిరా నూరడం కొహాగురా ఎన్నడూ చూడలేదు.

"నా పేరూ రాయి అబ్బాయ్," అన్నాడు. "ఆ లాంతరు దించమని పురమాయించాల్సింది నేను. మరిచిపోయింది నేనే."

రెండు రోజులు పట్టింది. కొహాగురా బతుకంతా చైనా భాషలో రాసినవాడే గాని, ఆ భాషలో నిజం రాయడం అదే మొదలు. అలవాటైన అలంకారాలు ఒక్కటీ పనికి రాలేదు. సత్సుమా దొరలు ఎప్పుడొచ్చారు, ఏం పట్టుకుపోయారు, తాము ఎవరిని ఎక్కడ దాచారు, పిల్లల్ని ఎందుకు కొట్టారు, అన్నీ వరసగా రాశాడు. రాస్తుంటే ఒకటి రెండు చోట్ల అక్షరం చెదిరింది. పూర్తయ్యాక గుండెల మీద బరువు దిగినట్టయింది. ఇది చదివి కదలనివాడు మనిషే కాడనుకున్నాడు.

వెంగ్ గారు కదిలారు. చదువుతూ ఒకసారి కళ్ళు తుడుచుకున్నారు కూడా. చదివాక ఆ కాగితాలు జాగ్రత్తగా మడిచి, కొహాగురా చేతిలోనే పెట్టారు.

"ఆ గుర్తు నాకు అప్పుడే తెలుసయ్యా," అన్నారు. "మా నాన్న రేవులో సుంకం వసూలు చేసేవాడు. ఆ గుర్తున్న పెట్టెల మీద కూర్చుని చదువుకున్నాను నేను."

కొహాగురా అర్థం కానట్టు చూశాడు.

"నీ మాట నేను నమ్మలేదు. రాసుకున్నాను. రెండూ వేరు. నాకు ముందు వచ్చినవాళ్ళు కూడా అంతే. మీరు లేదన్నారు, మేం రాసుకున్నాం, అందరూ సుఖంగా ఉన్నారు. జపాన్‌తో మాకు తగువు వద్దనే ఆ రోజు నిన్ను అడిగి లేదనిపించుకున్నాను. ఈ రోజూ తగువు వద్దు. పైవాళ్ళకి కావలసింది ఓడలు పంపకుండా ఉండడానికి ఒక సాకు. నీ పాత జవాబు ఒక సాకు. ముద్ర వేస్తానన్నది నువ్వు ఇలా రాయలేవనుకుని. ఈ కాగితం పంపితే అంతకన్నా మంచి సాకు ఇచ్చినవాళ్ళమవుతాం."

"అయితే నేనేం రాయాలండీ?" అన్నాడు కొహాగురా.

వెంగ్ గారు దయగల మనిషి. అదే అసలు కష్టం. ఆయన చేతనైన సాయం ఆయన చేశారు. దూతలుగా మిమ్మల్ని దస్త్రంలో ఎక్కించలేను, విన్నపం అందుకోలేను అన్నారు. కానీ గాలికి కొట్టుకొచ్చిన పరదేశులకు ఆశ్రయమివ్వమని పాత చట్టం ఒకటుంది. ఆ పద్దు కింద ఎక్కిస్తే రోజూ బియ్యం, కూరగాయలు వస్తాయి, ఎవరూ అడగరు. ఓడ బాగుపడి, గాలి అనుకూలించగానే మాత్రం చట్టప్రకారం వాళ్ళ దేశం పంపేయాలి. అంటే నాహా రేవులో అధికారికి అప్పజెప్పాలి. ఇప్పుడా అధికారి జపాన్ వాడేనని ఇద్దరికీ తెలుసు.

"కాబట్టి ఓడ బాగుపడకూడదు, గాలి తిరక్కూడదు," అన్నారు వెంగ్ గారు. "ఆరు నెలలకోసారి రాసియ్యి. ర్యూక్యూ దేశస్థులు అనే రాయి. ఆ పేరు ఒక్క మా దస్త్రంలోనైనా ఉంటుంది."

విడిదిలో ఆ మాట వినగానే సన్రా మురికి కాలవ ఒడ్డున బురదలో ఒరిగి ఉన్న తన పడవకేసి చూశాడు.

"మా దాన్ని ఓడ చేసేశారే," అన్నాడు. "ఇంకా నయం, గాలిని కూడా పంతులుగారి చేతిలోనే పెట్టారు."

మాఎకావా పెద్దాయన ఆ బియ్యం ముట్టనన్నాడు. తాను మోకాళ్ళ మీద అడుక్కోవడానికి వచ్చినది దేశం కోసం గాని బియ్యం కోసం కాదన్నాడు. మూడు రోజులు మంచినీళ్ళతో ఉన్నాడు. నాలుగో రోజున, ఓడలు వచ్చేనాటికి తాను బతికుండాలని చెప్పి గంజి తాగాడు. మళ్ళీ పొద్దున్నే వెళ్ళి గుమ్మం ముందు కూర్చున్నాడు. దస్త్రంలో ఆయన పేరు ఎదుట, గాలికి కొట్టుకొచ్చిన వృద్ధుడు అని ఉంది.

ఆరు నెలలకోసారి కొహాగురా కచేరీకి వెళ్ళి రాసిచ్చేవాడు. మొదటిసారి రాసినప్పుడు సగం నిజమే. పడవకు అడుగు చెక్క పోయింది. రెండోసారి రాసినప్పుడు తెరచాప చీకిపోయింది. మూడోసారికి వెంగ్ గారికి వేరే ఊరు బదిలీ అయింది. వెళ్ళేముందు కబురు పెట్టలేదు. రెండు దేశాలూ కూర్చుని మా దీవుల గురించి ఏవో మాట్లాడుకుంటున్నాయని, మాటలు ఆగిపోయాయని, మళ్ళీ మొదలయ్యాయని బజారులో అనుకునేవారు. మా వాళ్ళను ఎవరూ పిలవలేదు, అడగలేదు.

మూడో చలికాలంలో మాఎకావా పెద్దాయన ఒక పొద్దున కచేరీ గుమ్మం ముందు మోకాళ్ళ మీదే ముందుకు ఒరిగాడు. చేప ఉండలావిడ, కాస్త జరగండి తాతగారూ అని రెండుసార్లు అంది. మూడోసారి భుజం తట్టి, గంప వదిలేసి విడిదికి పరుగెత్తుకొచ్చింది.

ఫుజౌ బయట కొండవాలున మా వాళ్ళ సమాధులున్నాయి. వచ్చి, తిరిగి వెళ్ళలేకపోయినవాళ్ళవి. పెట్టెకు చెక్క కావలసి వచ్చింది. సన్రా ఎవరితోనూ మాట్లాడకుండా గొడ్డలి పట్టుకుని కాలవ ఒడ్డుకు పోయాడు. మధ్యాహ్నానికల్లా పడవ విప్పేశాడు. గట్టిగా మిగిలిన పలకలు పెట్టెకు సరిగ్గా సరిపోయాయి.

"ఇరవై రెండేళ్ళు నడిపాను పంతులుగారూ," అన్నాడు మేకులు ఏరుతూ. "ఇంత తేలిగ్గా ఊడొచ్చేస్తుందనుకోలేదు." అంతకుమించి ఏమీ అనలేదు. ఆ పూట వంట కూడా చేయలేదు.

పెద్దాయన సిగలో బంగారు సూదిని కొహాగురా తీయలేదు. ఇంటికి పంపిద్దామంటే ఎవరి చేతికి పంపాలో తెలియలేదు. తప్పు ఒప్పుకున్న ఆ కాగితాలు మడత విప్పకుండా ఆయన రొమ్ము మీద పెట్టాడు. లోకంలో తాను రాసిన నిజం అదొక్కటే. దాన్ని చదివింది వెంగ్ గారొక్కరే. ఇంకెవరూ చదవరని తెలిసి, ఆ మూత పడుతుంటే కొహాగురాకు పెద్దాయన పోయినదానికన్నా అదే ఎక్కువ బాధేసింది. అందుకు సిగ్గుపడ్డాడు.

మర్నాడే ఆరు నెలల గడువు. కొహాగురా మొహం కడుక్కుని, సిగ దువ్వుకుని, వెండి సూది సర్దుకుని కచేరీకి వెళ్ళాడు. కొత్త గుమాస్తా పద్ధతి తెలిసిన మనిషి. పత్రంలో ఉన్న ప్రశ్నలు ఒక్కొక్కటీ చదివి, జవాబు రాయమన్నాడు.

ఏ దేశస్థులు? ర్యూక్యూ దేశస్థులం అని రాశాడు.

ఎందరు? ఇద్దరం అని రాశాడు.

ఓడ సంగతి ఏమిటి? మరమ్మత్తులో ఉంది అని రాశాడు.

గాలి? ఎదురుగా ఉంది అని రాశాడు.

మీ రాజు క్షేమమేనా? కుంచె సిరాలో ముంచి, అంచుకు ఒత్తి, క్షేమమని రాశాడు.

పత్రం చివర, సముద్రం మీద నుంచి వచ్చినవాళ్ళందరినీ అడిగే ప్రశ్న ఒకటుంది. మీ దీవులకు చేరువలో వేరే రాజ్యమేదైనా ఉందా? గుమాస్తా ఆవలిస్తూ చదివాడు. ఉందని రాస్తే నాహా రేవులో ఉన్న అధికారి ఎవరన్న విచారణ మొదలవుతుంది. విచారణ మొదలైతే ర్యూక్యూ అనే పేరు ఈ దస్త్రంలోంచి కూడా పోతుంది. రాయాల్సిన జవాబు కొహాగురాకు కిరీటపు ఓడల నాటి నుంచే నోటికి వచ్చు. ఒక్క అక్షరం చెదరకుండా, అన్న రాతంత అందంగా రాశాడు.

"జపాన్ అని పేరు వినడమే తప్ప మనుషుల్ని చూసి ఎరగం."

గుమాస్తా పత్రం తన వైపు తిప్పుకుని, రాత చూసి బాగుందన్నట్టు తలాడించాడు. డబ్బా మూత తీసి, ఎర్రసిరా అద్ది, వెంటనే ముద్ర వేసి ఇచ్చాడు.